ఆ నిప్పురవ్వ ఎక్కడ కొనాలి?

*కారు కాయిల్ పోయిందనగానే మెకానిక్ అడిగే మొదటి మాట: ‘కంపెనీది వేయమంటారా, బయటిది వేయమంటారా?’ మనం ఠక్కున ఏదో ఒకటి చెప్పేస్తాం. కానీ ‘కంపెనీది’ అంటే ఎవరిది, ‘బయటిది’ అంటే ఎక్కడిది?*

విజయవాడ ఆటోనగర్‌లో పొద్దున పది కాకముందే రేకుల షెడ్ల కింద ఉక్క మొదలవుతుంది. తెల్ల వ్యాగన్‌ఆర్ ఒకటి బానెట్ తెరుచుకుని, నిలబడ్డ చోటే వణికిపోతోంది. సైలెన్సర్‌లోంచి చప్పుడు తెగి తెగి వస్తోంది. డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు ఇంజిన్ బొమ్మ ఆరుతూ వెలుగుతోంది. మెకానిక్ వంగి ఒక కాయిల్ కనెక్టర్ లాగాడు. ఇంజిన్ ఇంకా ఘోరంగా ఊగింది. అది పెట్టేసి రెండోది లాగాడు. ఏ తేడా లేదు. ‘ఇదిగో, మిస్ కొట్టేది ఇక్కడే’ అన్నాడు. పక్కన డ్రైవర్ చేతిలో ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నం గన్నవరం విమానాశ్రయానికి బుకింగ్.

సందు చివర స్పేర్ పార్టుల షాపు. కౌంటర్ మీదికి మూడు డబ్బాలొచ్చాయి. ఒకదాని మీద కారు కంపెనీ ముద్ర, మెరిసే హోలోగ్రామ్. రెండోదాని మీద కాయిల్ తయారుచేసే సంస్థ సొంత పేరు. మూడోది ఉత్త తెల్ల అట్టపెట్టె. ‘12 వోల్టులు’ అన్న అక్షరాలు తప్ప దానికి ఊరూ పేరూ లేవు. మొదటిదానికీ మూడోదానికీ ధరలో మూడు రెట్ల తేడా.

‘ఏది మంచిదన్నా?’

‘అన్నీ నడుస్తాయి తమ్ముడూ. నీ జేబును బట్టి తీసుకో.’

డ్రైవర్ చెయ్యి తెల్ల పెట్టె మీదికే పోయింది. ఏ రోజు కిరాయి ఆ రోజు తెచ్చుకుని బతికేవాడి చెయ్యి అటే పోతుంది. తప్పు పట్టలేం.

రాణీగంజ్‌లోనైనా, గాజువాక ఆటోనగర్‌లోనైనా ఈ బేరం రోజూ జరిగేదే. ఈమధ్య మాత్రం షెడ్లు దాటి ఇళ్లలోకీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కాయిల్ లాంటి విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ‘ఇక కంపెనీ పార్టే కొనొచ్చుగా’ అనేవాళ్లు పెరిగారు. మరోపక్క పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నప్పటి నుంచి కారు ఏ కాస్త జర్క్ ఇచ్చినా ఇంధనాన్ని తిట్టడం అలవాటైంది. మైలేజీ కొంత తగ్గడానికి ఇథనాల్ కారణమే. కానీ ఒక్క సిలిండరే మిస్ అవుతుంటే పెట్రోలును ఆడిపోసుకోవడం అన్యాయం. మిగతా సిలిండర్లూ తాగేది ఆ పెట్రోలే కదా! అలాంటప్పుడు చాలాసార్లు దోషి స్పార్క్ ప్లగ్గో, దాని నెత్తిన కూర్చున్న కాయిలో అయి ఉంటుంది.

12 వోల్టులు ఎగసిపడే చోటు

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు కొనల మధ్య ఉండే మిల్లీమీటరంత ఖాళీలో, ఒత్తిడికి బిగుసుకుపోయిన పెట్రోలు ఆవిరిని చీల్చుకుని రవ్వ దూకాలంటే ఆ 12 ఎటూ చాలవు. కాయిల్ వాటిని 20 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా లేపగలదు. దాని లోపల ఇనుప కోర్ చుట్టూ లావుపాటి తీగ కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నటి తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కరెంటు పారించి ఠక్కున ఆపేస్తే, సన్న తీగలో వోల్టేజీ ఎగదన్నుతుంది. జోరుగా పారే మోటారు నీళ్లను ఒక్కసారిగా కట్టేస్తే పైపు దడదడలాడుతుందే, అలాగన్నమాట. మైకేల్ ఫారడే 1831లో పట్టుకున్న సూత్రమే ఇది.

సూత్రం పాతదే అయినా కాయిల్ చాకిరీ మామూలుది కాదు. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే, ప్లగ్గుకో కాయిల్ ఉన్న కారులో ప్రతి కాయిలూ సెకనుకు 25 సార్లు రవ్వ పుట్టించాలి. అదే వేగంతో గంటసేపు హైవే మీద పోతే 90 వేల సార్లు! అదీ సిలిండర్ హెడ్‌లో, నీళ్లు మరిగేంత వేడిలో కూర్చుని.

ఈ వేడికీ వోల్టేజీకీ అడ్డుగోడ తీగల మధ్య పోసే ఎపాక్సీ. మంచి ఫ్యాక్టరీలో గాలి తోడేసిన గదిలో దాన్ని పోస్తారు. ఎక్కడైనా బుడగ మిగిలిపోతే విద్యుత్తు అక్కడ చిట్లుతూ రోజురోజుకీ దారి చేసుకుంటుంది. చివరికి ప్లగ్గు దాకా రాకుండా లోపలే కురచ దారిలో దూకేస్తుంది. మంచి కాయిల్‌కీ నాసి కాయిల్‌కీ అసలు తేడా కంటికి కనపడని ఆ బుడగలోనే ఉంది. పైకి చూస్తే రెండూ నల్ల ప్లాస్టిక్కే.

సీఎన్‌జీ బండ్లకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. గ్యాస్ మిశ్రమంలో రవ్వ దూకాలంటే పెట్రోలుకన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే పెట్రోలు మీద నడిపితే బుద్ధిగా ఉండే కారు, గ్యాస్‌కి మార్చగానే ఎత్తు ఎక్కలేక మిస్ కొడుతుంది. కాయిల్ ముసలిదవుతోందని క్యాబ్ డ్రైవర్లకు ముందుగా తెలిసేది ఇలాగే.

‘కాయిలంటే కాయిలే’ అన్న రోజులు

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ-కాయిల్ పద్ధతి 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. మన అంబాసిడర్, పద్మినీల దాకా అదే పద్ధతి నడిచింది. నూనె నింపిన గుండ్రటి డబ్బా ఒకటి. డిస్ట్రిబ్యూటర్ ఆ ఒక్క కాయిల్ రవ్వనే వంతులవారీగా నాలుగు ప్లగ్గులకూ పంచేది. పాయింట్లు గీకి, కండెన్సర్ మార్చి, చిన్న స్క్రూడ్రైవర్‌తో బండిని మళ్లీ రోడ్డెక్కించిన మేస్త్రీలు ఇప్పటికీ పాత షెడ్లలో ఉన్నారు. వాళ్ల కాలంలో ఒక బండి కాయిల్ విప్పి ఇంకో బండికి బిగించినా చాలాసార్లు నడిచిపోయేది. ‘కాయిలంటే కాయిలే, ఎవరిదైతేనేం’ అన్న ధీమా ఆనాటిది.

ఆ ధీమాను కంప్యూటర్ చెదరగొట్టింది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగుసుకుని కార్బ్యురేటర్ పోయింది, కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. దాని వెనకే డిస్ట్రిబ్యూటర్ కూడా సెలవు తీసుకుంది. మొదట రెండేసి ప్లగ్గులకు ఒకటి చొప్పున కాయిళ్లున్న ప్యాక్‌లు వచ్చాయి. ఆ తర్వాత మారుతి కే-సిరీస్ లాంటి ఇంజిన్లతో ‘ప్లగ్గుకో కాయిల్’ మామూలైపోయింది. కాయిల్‌లోకి ఎన్ని మిల్లీసెకన్ల పాటు కరెంటు పంపాలో ఇప్పుడు లెక్కగట్టేది ఇంజిన్ కంప్యూటరే (ఈసీఎం). ఆ లెక్క ఫ్యాక్టరీలో వేసిన కాయిల్ నిరోధాన్నీ గుణాన్నీ బట్టి రాసినది. లెక్కకు సరిపోని కాయిల్ పెడితే రవ్వ బలహీనంగా పడుతుంది. లేదా కరెంటు హద్దు దాటి కాయిల్ కాలుతుంది, ఒక్కోసారి దాన్ని నడిపే కంప్యూటర్‌లోని ట్రాన్సిస్టర్‌నూ వెంట తీసుకుపోతుంది. కాయిల్‌తో ముగియాల్సిన ఖర్చు ఈసీఎం దాకా ఎక్కేది అప్పుడే.

> లక్షణాలివీ...
>
> ఐడిల్‌లో కారు వణుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఏసీ వేసినప్పుడు పికప్ చచ్చిపోతుంది. పొగలో పచ్చి పెట్రోలు వాసన వస్తుంది.
>
> చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక మిస్ అయితే కాయిల్‌నే ఎక్కువ అనుమానించాలి. అందుకే చల్లని కాయిల్‌ని మీటర్‌తో చూసి ‘బాగానే ఉంది’ అనడం నమ్మదగ్గ పరీక్ష కాదు.
>
> స్కానర్‌లో పీ0301, పీ0302, పీ0303 లాంటి కోడ్‌లలో చివరి అంకె మిస్ అవుతున్న సిలిండర్‌ది. పీ0300 వస్తే మిస్ ఏదో ఒక సిలిండర్‌కు పరిమితం కాలేదని అర్థం.
>
> చెక్ లైట్ నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవాలి. ఆరుతూ వెలుగుతుంటే కారును తొక్కకుండా మెల్లగా పక్కకు తీసి ఆపడమే మేలు.
>
> డీజిల్ కార్ల వాళ్లకు ఈ గొడవ లేదు. వాటికి ఇగ్నిషన్ కాయిలే ఉండదు.

డబ్బా మీద పేరు వేరు, చేసినవాళ్లు వేరు

‘ఒరిజినల్’ అనగానే ఆ కాయిల్‌ను కారు కంపెనీయే చేసిందనుకుంటాం. ఎక్కువ సందర్భాల్లో కాదు. డెన్సో, డైమండ్ ఎలక్ట్రిక్, హిటాచీ, మిత్సుబిషి ఎలక్ట్రిక్, బాష్, డెల్ఫీ లాంటి సంస్థలు చేసి ఇస్తే, కారు కంపెనీ బిగించుకుంటుంది. విడిగా అమ్మేటప్పుడు తన డబ్బాలో పెట్టి, తన ముద్ర వేసి, తన ధర రాస్తుంది. ఉదాహరణకు చాలా టయోటా కాయిళ్ల మీద టయోటా నంబరు పక్కనే డెన్సో పేరు కనిపిస్తుంది. అదే డెన్సో తన సొంత డబ్బాలో కాయిల్ అమ్మితే దాన్ని మనం ‘బయటిది’ అంటున్నాం!

అంటే మన బజారులో ఉన్నవి రెండు రకాలు కాదు, నాలుగు. కారు కంపెనీ డబ్బాలోది. అదే తయారీదారు సొంత డబ్బాలోది. పేరున్న వేరే సంస్థ మీ మోడల్ కోసం చేసింది, ఎన్‌జీకే లాంటి వాళ్లది. ఇక నాలుగోది పేరు లేనిది, లేదా పేరు దొంగిలించినది. ‘కంపెనీదా, బయటిదా’ అన్న ప్రశ్నలో చివరి మూడింటినీ ఒకే గాటన కట్టడంతో మంచి సరుకుకు చెడ్డపేరు, చెడ్డ సరుకుకు మంచి బేరం దొరుకుతున్నాయి.

కంపెనీ ధర ఎప్పుడూ నాణ్యతకు కట్టే ధరేనా? పూర్తిగా నమ్మక్కర్లేదు. కార్ల కంపెనీలకు అమ్మే ఇగ్నిషన్ కాయిళ్ల ధరలను పోటీదారులతో కుమ్మక్కై నిర్ణయించినట్టు జపాన్‌కు చెందిన డైమండ్ ఎలక్ట్రిక్ 2013లో అమెరికాలో నేరం ఒప్పుకుంది. కోటీ 90 లక్షల డాలర్ల జరిమానాకూ అంగీకరించింది. పోనీ ఒరిజినల్ అయితే పాడవదా అంటే అదీ లేదు. 2003లో ఫోక్స్‌వ్యాగన్, ఆడి సంస్థలు ఫ్యాక్టరీలో బిగించిన కాయిళ్లే వరసగా చచ్చిపోతుండటంతో అమెరికాలో లక్షల కార్లకు వాటిని ఉచితంగా మార్చాల్సి వచ్చింది. కాకపోతే ఒక తేడా ఉంది. ఒరిజినల్ విఫలమైతే నిలదీయడానికి ఒకరున్నారు. తెల్ల పెట్టె విఫలమైతే నిలదీయడానికి దాని మీద చిరునామా కూడా లేదు.

చవక కాయిల్ చాటు ఖర్చు

రవ్వ పడనప్పుడు ఆ సిలిండర్‌లోకి వెళ్లిన పెట్రోలు కాలకుండానే బయటికొస్తుంది. వచ్చి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, ఎర్రగా కాగి ఉన్న తేనెపట్టు గదుల్లో మండుతుంది. లోపలి పింగాణీ కరిగి గడ్డకడుతుంది, పొగకు దారి మూసుకుపోతుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు పూసిన భాగం కాబట్టి కొత్తది వేయాలంటే వందలూ వేలూ కాదు, పదుల వేలు. కాయిల్ మీద మిగిల్చిన వెయ్యి రూపాయలు అక్కడ తేలతాయి.

ఇందులో ఎక్కువ నలిగేది మెకానిక్. పార్టు తెచ్చింది కస్టమరే అయినా, వారం తిరక్కుండా బండి మళ్లీ మిస్ కొడితే ‘సరిగ్గా బిగించలేదు’ అనే మాట పడేది ఆయనే. రెండోసారి విప్పి బిగించిన కూలి ఎవరూ ఇవ్వరు. షాపుకు వెళ్తే ‘ఎలక్ట్రికల్ వస్తువులు వాపసు తీసుకోబడవు’ అన్న బోర్డు వేలాడుతుంటుంది. అందుకే అనుభవమున్న మెకానిక్‌లు కొందరు పేరు లేని కాయిల్ బిగించమంటే పని ఒప్పుకోరు. దాన్ని పొగరనుకుంటాం. నిజానికి అది వాళ్ల చేతి పేరు కాపాడుకునే జాగ్రత్త.

షాపు బోర్డు సంగతికొస్తే, అది చట్టం ముందు నిలవదు. బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. చిక్కల్లా ఒక్కటే, బిల్లు ఉండాలి. తెల్ల పెట్టెలు అమ్మేచోట మొదట మాయమయ్యేది అదే.

> నకిలీని పట్టాలంటే...
>
> దొంగ ముద్ర ఎక్కువగా పడేది బాగా అమ్ముడయ్యే ఒరిజినల్ డబ్బాల మీదే. హోలోగ్రామ్ ఒక్కటీ చూసి నమ్మొద్దు.
>
> పాత కాయిల్ వెంట తీసుకెళ్లండి. నంబరు ప్లాస్టిక్‌లోనే పోతపోసి లేదా లేజర్‌తో చెక్కి ఉంటుంది. గోటితో గీకితే చెదిరే అక్షరాలైతే పక్కన పెట్టేయండి.
>
> పార్టు నంబరు సాధారణంగా మారుతి సుజుకీకి 33400తో, హ్యుందాయ్‌కి 27301తో, టయోటాకి 90919తో మొదలవుతుంది. మిగతా అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి. ఛాసిస్ నంబరు చెప్పి సరిచూసుకోండి.
>
> డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన లేదా దిగుమతైన నెల, ఏడాది, సంస్థ చిరునామా, ఫిర్యాదుకు నంబరు తప్పనిసరి. ఇవి లేకుంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.
>
> నకిలీ ట్రేడ్‌మార్క్‌తో సరుకు అమ్మితే 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా.

డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పాత కరోలా కొనుక్కుని నెట్టుకొచ్చే మన పిల్లలకూ ఈ బెడద తప్పడం లేదు. ఆన్‌లైన్‌లో నాలుగు కాయిళ్ల సెట్టు ఒక్క ఒరిజినల్ ధరకే కనిపిస్తుంది, మీద డెన్సో పేరూ ఉంటుంది. కాకపోతే అక్కడ విడిభాగాల పెద్ద షాపుల్లో కోడ్ ఉచితంగా చదివి చెబుతారు. ఆ సాయం వాడుకున్నాకే ఆర్డర్ పెడితే మంచిది.

ముందు దోషిని పట్టాలి

దోషిని పట్టే ఈ దశలోనే ఆటోనగర్‌లోనైనా, అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది. కనెక్టర్ లాగి చూసే పరీక్ష ఏ సిలిండర్ పడుకుందో మాత్రమే చెబుతుంది. తప్పు కాయిల్‌దా, ప్లగ్గుదా, ఇంజెక్టర్‌దా అన్నది చెప్పదు. దానికి ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. అనుమానమున్న కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చాలి. కోడ్ పీ0302 కాస్తా పీ0301 అయితే, మిస్ కాయిల్ వెంటే నడిచినట్టు. దోషి దొరికింది. కోడ్ కదలకుండా అక్కడే ఉంటే కాయిల్ నిరపరాధి. పది నిమిషాల పని. ఇది చేయకుండా మూడు కాయిళ్లూ మార్చేద్దాం అనేవాళ్ల దగ్గర కాస్త ఆగండి.

అసలు కాయిల్ ఎందుకు పోయిందన్నది ఇంకో ప్రశ్న. తొంభై పాళ్లు అడగం. ప్లగ్గు అరిగి కొనల మధ్య ఖాళీ పెరిగితే, దాన్ని దాటడానికి కాయిల్ ప్రతిసారీ ఇంకా ఎక్కువ వోల్టేజీకి ఎగబాకాలి. అలా అలసి చస్తుంది. అరిగిన ప్లగ్గు మీద కొత్త కాయిల్ పెడితే అదీ ఆ దారే పడుతుంది, అది కంపెనీదైనా సరే. వాల్వ్ కవర్ గాస్కెట్ కారి ఆయిల్ ప్లగ్గు గుంతలోకి దిగితే, కాయిల్‌ని ప్లగ్గుకు కలిపే రబ్బరు బూటు ఉబ్బి పాడవుతుంది. ప్రెషర్ పంపుతో ఇంజిన్ కడిగించుకుంటే అదే గుంతలో నీళ్లు నిలుస్తాయి. బూటు చీలితే రవ్వ పక్కనున్న ఇనుములోకి దూకేస్తుంది. కొన్ని మోడళ్లకు ఆ బూటు విడిగా దొరుకుతుంది, కాయిల్ ధరలో చిన్న వంతుకే. అడిగి చూడండి.

వారంటీ బూచి

‘బయటి పార్టు వేస్తే వారంటీ మొత్తం పోతుంది సార్’ అనే మాట విననివాళ్లు ఉండరు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వకుండా కట్టడి చేశారన్నది అభియోగం. స్వతంత్ర మెకానిక్ దగ్గర పని చేయించుకున్నారన్న ఒక్క సాకుతో వారంటీ గుండుగుత్తగా రద్దు చేయకూడదనీ, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చనీ అందులో చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి, వ్యాజ్యం ఏళ్లు సాగింది. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ‘రైట్ టు రిపేర్’ పోర్టల్‌లో వాహనరంగానికీ చోటిచ్చారు.

అయితే వారంటీ నడుస్తున్న కారుకు కాయిల్ పోతే ఈ మీమాంసే అనవసరం. నేరుగా సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి, వాళ్లే మార్చాలి.

ఇంతకీ ఏది?

నన్నడిగితే, వారంటీ దాటిన కారుకు రెండో డబ్బాయే సరైన బేరం. అంటే మీ కారులోంచి తీసిన పాత కాయిల్ మీద ఏ తయారీదారు పేరుందో, ఆ తయారీదారే సొంత పేరుతో అమ్మేది. అది దొరక్కపోతే, లేదా ధరలో పెద్ద తేడా లేకపోతే కంపెనీ డబ్బా తీసుకోండి. కాయిల్‌ని నడిపే ట్రాన్సిస్టర్ (ఇగ్నైటర్) దానిలోనే ఇమిడి ఉన్న కొత్త మోడళ్లకు ఈ రెండూ దాటి పోవద్దు. పాత కాయిల్ ప్యాక్ కార్లకు పేరున్న వేరే బ్రాండ్ వేసినా దిగులు లేదు. తెల్ల పెట్టె మాత్రం ఎవరికీ చవక కాదు, రోజు కిరాయి మీద బతికే డ్రైవర్‌కు అసలే కాదు. ఒక బుకింగ్ పోతే పోయేది కాయిళ్ల ధరల్లోని తేడా అంత ఉంటుంది.

పోయిన ఒక్క కాయిల్ మారిస్తే చాలు. ప్లగ్గులు మాత్రం అన్నీ కలిపి మార్చండి. లక్ష కిలోమీటర్లు దాటిన క్యాబ్ అయితే మంచి కాయిల్ ఒకటి అదనంగా డిక్కీలో పడేసుకోండి.

షాపులో డబ్బు ఇచ్చేముందు పార్టు నంబరు రాసిన జీఎస్టీ బిల్లు అడగండి. ఇవ్వనంటే డబ్బా అక్కడే వదిలేసి పక్క షాపుకెళ్లండి. బిల్లున్నా లోపమున్న కాయిల్‌ని వెనక్కి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.